చాచా గీసిన దారులు

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు ఏం చెప్పినా జనం నమ్మేవారు. తొంభైల్లో కొత్తగూడెంలోని ఒక కాలేజీలో ఆ కుర్చీ నాది. కొమ్ములు మొలవడానికి అంతకంటే ఏం కావాలి? జువాలజీ మేడం అప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నారు. భద్రాచలం అడవిలో కడుపునొప్పికి వాడే ఓ ఆకు పసరు తగిలితే, గడ్డి నానిన నీటిచుక్కలో ఈదే సూక్ష్మజీవులు ఎటు పారిపోతాయన్నది ఆవిడ పరిశోధన. మైక్రోస్కోప్‌కు కెమెరా, కెమెరాకు టీవీ తగిలించి, కనిపించిందంతా టేపుకెక్కించేవారు. అటెండర్ చాచా టీవీ అద్దానికి ట్రేసింగ్ పేపర్ అంటించి, ఒక్కోటి పోయిన దారిని పెన్సిల్‌తో గీసేవాడు (వాటికి పేర్లు కూడా పెట్టుకున్నాడు: కుంటిది, తొందరది, దొరసాని). ఆ పని నా ప్రోగ్రాం గంటలో చేస్తుందని కోతలు కోశాను. చేసింది కూడా. టేపులోని ఒక బొమ్మలో ఒక్కో జీవికీ ఒక నంబరిచ్చి, తర్వాతి బొమ్మలో ఆ చోటికి ఏది దగ్గరుంటే దానికే ఆ నంబరు తగిలించుకుంటూ పోయేది. చాచాకు టీ తెచ్చే పని మిగిలింది.

ఒకరోజు టీ గ్లాసు పెడుతూ తెరవైపు చూసి, "గిదేంది బాబూ? రెండు రాసుకుంటూ పోయినయ్, నీ మూడో నంబరు అవతలిదానికి పోయింది. కుంటిది గిట్ల ఉరుకుతదా?" అన్నాడు. నవ్వేశాను. అతను వెళ్లాక టేపు మళ్లీ వేసి చూస్తే నిజమే. రెండు కలిసిన ప్రతిచోటా అదే కథ. థీసిస్ అప్పటికే బైండింగ్ అయిపోయింది. ఇప్పుడు చెబితే నా పరువేం కావాలి? చాచా దగ్గరికి వెళ్లి, "మేడంకు చెప్పకు, నేనే సరిచేస్తా" అన్నాను. "అవ్ బాబూ, నేను చెప్ప. సదువుకున్నోనివి, నువ్వే చెయ్" అన్నాడు. నేను చేసింది రాముడికి కొబ్బరికాయ మొక్కుకోవడం ఒక్కటే.

వైవాకు పరీక్షకుడిగా వచ్చిన పెద్దాయన టేపు వేయమన్నాడు. మీట నొక్కింది నేనే. కాసేపటికి, "ఈ మూడోది ఏడోది ఎలా అయిందమ్మా?" అని అడిగాడు. మేడం నావైపు చూశారు. నేను వైర్లు సర్దుతూ ఉండిపోయాను. "నేనే సరిచూసుకోలేదు సార్" అన్నారావిడ. థీసిస్ వెనక్కి వచ్చింది. ఆ నెలలోనే నేను హైదరాబాద్ ఉద్యోగానికి జారుకున్నాను.

చాన్నాళ్లకు ఖమ్మం బస్టాండులో మేడం కనిపించారు. చాచా మళ్లీ కూర్చుని అన్నీ గీసిచ్చాడట, డాక్టరేట్ వచ్చిందట. "పాపం, అప్పట్ల చాచాను మస్తు తిట్టిన. నీకు కనబడలేదా అంటే, అవ్ మేడం, కనబడ్డది అన్నడు. మరి ఎందుకు చెప్పలేదంటే తల దించుకున్నడు గాని నోరు విప్పలే" అన్నారు. చెప్పొద్దన్నది నేనని అప్పుడైనా అనొచ్చు. నా బస్సు వచ్చింది, ఎక్కేశాను. ఆ కంప్యూటర్ కుర్చీలోని పడుచువాడి దర్జా తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది. చాచా పోయాడని ఈమధ్యే తెలిసింది. నాకిచ్చిన మాట ఆయన చివరిదాకా నిలబెట్టుకున్నాడు.