తిట్లమ్మ కేక

మా ఆడపడుచుని బజారంతా తిట్లమ్మ అంటుంది. తిడుతుందని కాదు, తిట్లు తింటుందని. ఆవిడ నోట్లోంచి ఒక్క తిట్టు ఊడిపడటం నేను ఇంతవరకూ వినలేదు. ఆ లోటు మా ఇంట్లో నేను తీరుస్తాను లెండి. బజారు గేటు దగ్గర నాది ఉల్లిపాయల కొట్టు. నా వెనకాల, లావుపాటి స్తంభం చాటున తన కమలాపళ్ళ బండి. పొద్దున్నే పళ్ళు పేర్చి, చేతులు తుడుచుకుని, గొంతెత్తి కేక పెడుతుంది: "తీపి లేకపోతే తిట్టిపో!"

అది ఉత్తుత్తి కేక కాదు. పండు పుల్లగా ఉందనుకోండి, వెనక్కొచ్చి నిజంగానే తిట్టొచ్చు. తను బండి ముందుకొచ్చి నిలబడుతుంది. ఎదురు చెప్పదు, మొహం తిప్పుకోదు, మధ్యలో ఇంకొకరికి పళ్ళు అమ్మదు. ఆ మనిషి తిట్టడం అయ్యేదాకా వింటుంది. అయ్యాక, "అయిందా అన్నా? ఇంకేమన్నా మిగిలిందా?" అని అడిగి, వేరే పండు ఒలిచి చేతిలో పెడుతుంది. సగంమంది సగం తిట్లలోనే నవ్వేస్తారు. ఇంట్లో ఎవర్నీ ఏమీ అనలేని మొగుళ్ళు కొందరు పండు బాగున్నా సరే వచ్చి నాలుగు అనేసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని పోతారు. "ఒసేయ్, నువ్వేమన్నా చెత్తకుండీవా, అందరూ తెచ్చి పోయడానికి?" అని నేను కసురుకుంటే, "మాటన్నాక నిలబడాలి కదా వదినా" అనేది.

కట్టుకున్నవాడు వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టాడు. తనకి మిగిలింది ఆ బండి, ఆ గొంతు. స్తంభం చాటున బండి ఎవరికీ కనబడదు. జనం గొంతు విని వెతుక్కుంటూ రావాల్సిందే.

ఆ 'తిట్టిపో' మాట ఊరంతా పాకింది. మంగలి కత్తెర దులుపుతూ "బాగా లేకపోతే తిట్టిపో" అనేవాడు. బడిలో పిల్లలు అనేవాళ్ళు. మా ఆయన కూడా, ఏడాదికోసారి కాఫీ కలిపి ఇచ్చి, అదే మాట అనేవాడు. తిట్టేదాన్ని.

తర్వాత ఒక పళ్ళరసం కంపెనీ మనిషెవడో బజారుకొచ్చినట్టున్నాడు. పళ్ళతో పాటు మాట కూడా సంచీలో వేసుకుపోయాడు. కొన్నాళ్ళకి ఎక్కడ చూసినా వాళ్ళ ప్రకటనే. మెరిసిపోయే బట్టల్లో ఒక నాజూకు పిల్ల, బొమ్మబండి మీద చెయ్యేసి, "తీపి లేకపోతే తిట్టిపో!" అని పళ్ళికిలిస్తుంది. సీసాల మీద కూడా అదే రాత.

మొదట నవ్వుకున్నాం. తర్వాత ఒక బట్టతలాయన సగం తాగిన సీసా పట్టుకుని మా గేటు దగ్గరికొచ్చాడు.

"ఇదేం రసమమ్మా? గొంతు పట్టేసింది! తిట్టిపొమ్మన్నావుగా, తిడతా!"

ఆయన మొదలెట్టాడు. ఈ మహాతల్లి బండి ముందుకొచ్చి నిలబడింది! నాకు ఒళ్ళు మండిపోయింది.

"అది నీ సరుకు కాదే! కంపెనీ వాడిది! నువ్వెందుకు పడతావ్?"

"మాట నాదేగా వదినా" అంది. అంతా విని, పండు ఒలిచి ఇచ్చింది. ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు సీసా పట్టుకుని రావడం, తను నిలబడటం, నేను పళ్ళు నూరుకోవడం.

అంతటితో పోయినా బాగుండేది. ఒకరోజు బజారు సంఘం పెద్ద వచ్చాడు. ఎప్పుడూ నా కొట్టు మీద చెయ్యేసి పిచ్చాపాటీ మాట్లాడే మనిషి, ఆ రోజు నా మొహం చూడలేదు. ఆ మాట తమదని కంపెనీ ట్రేడ్‌మార్కు కోసం దరఖాస్తు పెట్టిందట. ఇక మీదట ఆ మాటతో పళ్ళు అమ్మితే సంఘం మీద కూడా కేసు పెడతామని నోటీసు పంపిందట.

"కేక మానెయ్యమ్మా. మానలేనంటే బండి తీసెయ్. నా చేతుల్లో ఏం లేదు" అన్నాడు.

ఆయన నెత్తి మీద కొత్త గొడుగు. ఆ గొడుగులు ఆ నెలలోనే కంపెనీ బజారులో అన్ని కొట్లకీ పంచింది, తన బొమ్మ వేసి మరీ. నాకూ ఇచ్చారు. ఆ పూటే దాన్ని మడిచి ఉల్లిపాయల బస్తాల కింద తోసేశాను.

మర్నాడు తిట్లమ్మ పళ్ళు పేర్చింది, చేతులు తుడుచుకుంది, నోరు తెరిచి మూసేసింది. ఆ పూట స్తంభం అవతల ఒక బండి ఉందని కూడా ఎవరికీ తెలియలేదు. నేను నా కొట్లోంచి "కమలాలు, కమలాలు" అని అరిచాను గానీ, ఉల్లిపాయలమ్మే మనిషి కమలాలంటే ఎవరు వింటారు? సాయంత్రానికి పళ్ళు మెత్తబడ్డాయి. రోజు రోజుకీ బండి మీద రాశి తగ్గుతోంది. అమ్ముడై కాదు, కొత్తవి దించే ధైర్యం లేక. తను అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే నాకు ఏడుపొచ్చేది, ఏడుపొస్తే కోపమొచ్చేది, కోపమొస్తే మా ఆయన బయటికి వెళ్ళిపోయేవాడు.

నా దగ్గర ఉల్లిపాయలు కొనే లాయరమ్మ ఒకావిడ ఉంది. చిన్న వయసు, చురుకైన మనిషి. విషయం విని, ట్రేడ్‌మార్కుల ఆఫీసులో అభ్యంతరం వేసింది. కంపెనీ ఏమందో తెలుసా? ఆ మాట తామే పుట్టించామనీ, ఈ బండావిడే తమ ప్రకటన చూసి నేర్చుకుందనీ! నా నోట వచ్చిన తిట్లు ఇక్కడ చెప్పను.

"తిట్టి లాభం లేదక్కా" అంది లాయరమ్మ. "ఆ కంపెనీ పెట్టి ఆరేళ్ళు. అంతకు ముందే ఈ మాట ఇక్కడ వినిపించిందని ఎవరైనా వచ్చి చెప్పాలి. ఫలానా అప్పుడు విన్నానని గట్టిగా చెప్పాలి. లేకపోతే మాట వాళ్ళకి పోతుంది."

బజారంతా తిరిగాను. "ఎప్పటినుంచో అంటుందిగా" అంటారు. ఎప్పటినుంచి అంటే బుర్ర గోక్కుంటారు. గొడుగుల కింద కూర్చున్నవాళ్ళయితే నీళ్ళు నమిలారు. రోజూ ఈవిడ పళ్ళు మెక్కిన మంగలి కూడా, "ఎందుకొచ్చిన గొడవ అక్కా" అన్నాడు. విచారణ రోజు దగ్గరపడుతోంది, సాక్షి ఒక్కడు లేడు.

"పళ్ళు మెచ్చుకున్నవాళ్ళు కాదక్కా" అని లాయరమ్మ తిట్లమ్మ వైపు తిరిగింది. "నిన్ను తిట్టినవాళ్ళెవరూ లేరా? కోపమొచ్చిన రోజు మనిషికి బాగా గుర్తుంటుంది."

తిట్లమ్మ తల దించుకుంది. "ఒకాయన ఉన్నాడు" అంది.

ఎవరో నాకు తెలుసు. గేటు ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న టైలరు. చాలా ఏళ్ళ కిందట ఈవిడకి ఒక ఆడపిల్ల పుట్టి, ఒక పూట బతికి పోయింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని వారం తిరక్కుండానే బండి దగ్గరికొచ్చింది. సరిగ్గా అప్పుడు ఈ టైలరు వచ్చి ఒక మాటన్నాడు. బజారు బజారంతా బిత్తరపోయింది. నేను తూకం రాయి తీసుకుని లేచాను, ఇద్దరు పట్టుకోబట్టి గానీ, లేకపోతే ఆయన తల పగిలేది. తిట్లమ్మ మాత్రం ఎప్పట్లాగే నిలబడి విని, పండు ఒలిచి ఇచ్చింది. ఆయన తీసుకోలేదు. ఆ రోజునుంచీ రోడ్డు దాటి మా గేటు వైపు రాలేదు.

"వాడి కాళ్ళ దగ్గరికి పోవాలా మనం?" అన్నాను.

"నువ్వు పో వదినా. నేను పోతే ఆయన పారిపోతాడు."

పోయాను. ఎలా పోయానో నాకే తెలియాలి. టైలరు తలెత్తలేదు, కాలు మిషను మీంచి తియ్యలేదు. చెప్పాల్సింది చెప్పాను. ఆయన కుడుతూనే ఉన్నాడు.

"నీ నోటికి అప్పుడు బలం బాగానే ఉందిగా! ఇప్పుడేమయింది, పడిపోయిందా?" అని అరిచి వచ్చేశాను. పని చెడగొట్టుకున్నానని దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

విచారణ రోజు ట్రేడ్‌మార్కుల ఆఫీసు మేడమీద, పొడుగు బల్లకి అటు కంపెనీ లాయరు, ఇటు మేము, చివర అధికారి, ఆయన పక్కన టైపిస్టు. కంపెనీ లాయరు మర్యాదస్తుడు, మెత్తని గొంతు, అది చూసే నాకు భయం వేసింది. అధికారి గడియారం చూశాడు. "మీ సాక్షి?" అన్నాడు. లాయరమ్మ తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. "మరి కొంచెంసేపు..." అంది. అధికారి విసుగ్గా ఫైలు మూయబోయాడు. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. టైలరు! చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మా వైపు చూడకుండా వెళ్ళి కూర్చున్నాడు.

ఆ కేక విన్నానన్నాడు, కంపెనీ పుట్టకముందే విన్నానన్నాడు. కంపెనీ లాయరు లేచాడు.

"అన్నేళ్ళ కిందట బజార్లో ఒకావిడ ఏమని అరిచిందో మీకెలా గుర్తుందండీ?"

"తిట్టిపొమ్మంది, తిట్టాను. అందుకే గుర్తుంది."

"ఏమని తిట్టారు?"

టైలరు నోరు మెదపలేదు.

"తిట్టింది కూడా గుర్తులేదన్నమాట" అన్నాడు లాయరు, టైపిస్టు వైపు తిరిగి. "గుర్తులేదని రాసుకోమందామా?"

టైపిస్టు అధికారి మొహం వైపు చూస్తోంది. లాయరమ్మ పెదవి కొరుక్కుంది. అయిపోయింది, మాటా పోయింది, బండీ పోయింది అనుకున్నాను.

తిట్లమ్మ లేచి నిలబడింది.

"చెప్పన్నా. ఏదీ మింగకుండా చెప్పు. నేను వింటాను."

అధికారి కూర్చోమన్నాడు. కూర్చోలేదు. టైలరు కళ్ళెత్తి తనని చూశాడు. అన్నేళ్ళలో మొదటిసారి చూడటం.

"మా ఆవిడ ఆసుపత్రిలో ఉందండి" అన్నాడు. "నోరు చేదుగా ఉంది, కమలాపండు కావాలంది. ఈ అమ్మ 'తీపి లేకపోతే తిట్టిపో' అంటుంటే నమ్మి కొన్నాను. ఒక తొన నోట్లో పెట్టుకుని మా ఆవిడ కక్కుకుంది. ఆ కోపంలో వచ్చి అన్నాను." ఆగాడు. తిట్లమ్మ కదల్లేదు. "నీ చేతిలో తీపెలా ఉంటుందే, నీ చెయ్యి తగిలితే పండే కాదు, కన్నబిడ్డ కూడా బతకలేదు. అలా అన్నానండి."

నేను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాను, లేస్తానేమోనని.

"ఏ బిడ్డ?" అన్నాడు అధికారి, కాస్త నెమ్మదిగా.

"ఈ అమ్మకి పుట్టిన పాపండి. మా ఆవిడ ఉన్న ఆసుపత్రిలోనే, పక్క వార్డులో పుట్టింది. ఆడపిల్ల. ఒక పూట బతికింది. నేను ఆ మాటన్న నాటికి వారం కూడా కాలేదు." జేబులోంచి భార్య ఆసుపత్రి చీటీ తీశాడు. "తారీకు ఇందులో ఉంది."

అధికారి చీటీ చూసి కంపెనీ లాయరుకిచ్చాడు. ఆయన అటూ ఇటూ తిప్పి, ఇంకేం అడిగేది లేదన్నాడు. అధికారి ఒక్కొక్క మాటే చెబుతుంటే టైపిస్టు కొట్టింది: ఫలానా నెలలో ఈమెకు ఆడశిశువు జన్మించినదనీ, ఆ పూటే మరణించినదనీ, ఆ వారంలోనే సాక్షి ఆ కేక విన్నాడనీ.

తిట్లమ్మ ఇంకా నిలబడే ఉంది. "ఇంకేమన్నా మిగిలిందా అన్నా?" అని అడిగింది. ఎప్పుడూ బండి దగ్గర అడిగే గొంతే. ఆయన లేదన్నట్టు తలూపి, మొహం చేతుల్లో పెట్టుకుని బావురుమన్నాడు.

అధికారి అక్కడే చెప్పేశాడు. కంపెనీ కన్నా ముందే ఆ మాట బజార్లో ఉంది కాబట్టి, దాన్ని కంపెనీ పేరు మీద రాసేది లేదు. తీర్పు కాగితం తర్వాత పంపిస్తామన్నాడు.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. లాయరమ్మని వాటేసుకున్నాను. వసారాలోకి వచ్చి చూస్తే తిట్లమ్మ లేదు. లోపల టైపిస్టు బల్ల దగ్గర ఏదో అడుగుతోంది.

"ఒసేయ్, గెలిచామే! పద, రేపు పొద్దున బజారు అదిరిపోవాలి నీ కేకకి. తీర్పు పంపిస్తామన్నారుగా, ఇంకా ఏమిటి నీకు?"

"తీర్పు కాదు వదినా. ఇందాక టైలరన్న చెప్పింది రాశారుగా, దాని కాపీ. అడిగితే ఇస్తారట, ఉండమన్నారు."

నాకు నషాళానికెక్కింది. "ఆ పాడుమాటలా? తీసుకెళ్ళి ఇంట్లో దాచుకుంటావా? నీకసలు బుద్ధుందా?"

తను అక్కడున్న బెంచీ మీద కూర్చుంది. నా వైపు చూడలేదు, టైపిస్టు చేతుల వైపే చూస్తోంది.

"పాప పుట్టినప్పుడు ఎక్కడా రాయించలేదు వదినా. పేరైనా పెట్టకుండా పోయింది, ఇంకెందుకులే అన్నారు అందరూ. అది పుట్టిందని ఒక ఆఫీసులో రాయడం ఇవాళే."

నేను తన పక్కన కూర్చున్నాను. కాపీ వచ్చేదాకా ఇద్దరం ఆ బెంచీ మీదే ఉన్నాం.