గడిలో రాసిన పేరు

ఆసుపత్రి ల్యాబులో అందరూ ఆమెను అద్దాలమ్మ అనేవారు. మైక్రోస్కోపు అద్దాలకు పట్టిన బూజును గీత పడకుండా తుడిచే చెయ్యి చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. వానలు మొదలైతే చాలు, అద్దాల మీద సాలెగూడులా బూజు అల్లుకునేది. రక్తపు చుక్కలో జబ్బేదో బూజేదో తెలియక డాక్టర్లు తలలు పట్టుకునేవారు. తుడిచీ తుడిచీ విసిగి అద్దాలమ్మ ఒక పెట్టె చేసింది. రేకు డబ్బా, లోపల సన్నని హీటరు తీగ, తేమ పెరిగితే దానంతటదే వేడెక్కించి, తగ్గితే ఆపేసే మీట, అంతే. అందులో దాచిన అద్దానికి రెండు వానాకాలాలు బూజు సోకలేదు.

అది చూసిన పెద్ద డాక్టరమ్మ ఆమెను ఇంజనీరింగు కాలేజీలో శిక్షణకు పంపింది. సైన్సు తెలిసిన ఆడవాళ్లు సొంతంగా పరిశ్రమ పెట్టుకోవడానికి ఆరువారాల పాఠాలు. అద్దాలమ్మ చివరి బెంచీలో ఒదిగి కూర్చునేది. డ్యూటీ దిగి ఆలస్యంగా వస్తుందని, పక్కన కూర్చునే, పొలాల మట్టి పరీక్షలు చేసే ఆవిడ ఆమె టీ మీద రోజూ సాసరు మూసి ఉంచేది. అలాంటివాళ్లను దేవుడే పక్కన కూర్చోబెడతాడు.

చివర్లో ఒక్కరికి అవకాశం. ఏడాదిపాటు ఒక షెడ్డు, యంత్రాలు, పది ఆసుపత్రులకు సరుకు పంపే ఒప్పందం. దరఖాస్తులో 'దీన్ని తయారుచేసింది ఎవరు' అన్న గడి దగ్గర అద్దాలమ్మ తడుముకోకుండా తన గురువు పేరు రాసింది. స్క్రూడ్రైవరు పట్టుకోవడం, అద్దాలు తుడవడం నేర్పిన ముసలి మెకానిక్కు ఆయన, పోయి ఏడాదైంది. గురువును వెనక్కి నెట్టి తన పేరు రాసుకుంటే కళ్లు పోవూ!

పాఠాలు చెప్పే మేడమ్ కాగితం పట్టుకుని వచ్చింది.

"ఇదేంటమ్మా, పెట్టె చేసింది నువ్వు కాదా?"

"చేసింది నేనే మేడమ్. చెయ్యి తిరిగేలా చేసింది ఆయన."

"అయితే నాకు అఆలు దిద్దించినావిడ పేరు మీదే నేనూ జీతం తీసుకోవాలి!" అని నవ్వింది మేడమ్. "ఇది ఆడవాళ్లు స్వయంగా చేసినవాటికేనమ్మా. అయిదింటికి కాగితాలు పైకెళ్లిపోతాయి. అది కొట్టేసి నీ పేరు రాయి."

"కింద నాది కూడా రాయనా?"

"రెండు పేర్లు కుదరవు తల్లీ."

మేడమ్ తన పెన్నే చేతికిచ్చింది. పోయిన మనిషి పేరు మీద గీత పెట్టడానికి అద్దాలమ్మకు చెయ్యి రాలేదు. పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చేసింది.

షెడ్డు మట్టి పరీక్షలావిడకు వచ్చింది. "అక్కా, ఇది నీదే," అంటూ అద్దాలమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ ఆదివారం అద్దాలమ్మ గురువుగారింటికి వెళ్లింది. ఆయన భార్య కిటికీ దగ్గర బొత్తాం కుడుతోంది.

"ఆయన పేరు నిలబెట్టాను పెద్దమ్మా," అంటూ జరిగిందంతా చెప్పింది.

పెద్దమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"ఎంత పని చేశావే! నీ పెట్టె చూసొచ్చిన రోజు ఆయన అన్నం ముందు కూర్చుని ఏమన్నాడో తెలుసా? 'నలభై ఏళ్లు తుడిచాను గానీ, అసలు పట్టకుండా చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఆ పిల్లకు పుట్టింది,' అన్నాడు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాడు."

"నాతో ఒక్కసారీ అనలేదే!"

"మొహం మీద పొగిడితే ఆయుక్షీణం అనేవాడుగా, పిచ్చి మనిషి. నువ్వు రాసింది అబద్ధమే తల్లీ. ఆయన బతికుంటే నీ చెవి మెలేసేవాడు."

మరుసటి ఏడు ఆ శిక్షణ జరగలేదు. ఆ పైన కూడా లేదు.

పెట్టె ల్యాబులో ఒక్కటంటే ఒక్కటే ఉంది. వానాకాలం వస్తే దూరపు ఆసుపత్రుల నుంచి బూజు పట్టిన అద్దాలు దూదిలో చుట్టుకుని ఇప్పటికీ ఆమె దగ్గరకే వస్తాయి. ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూసి, ఆ పది ఆసుపత్రులూ గుర్తొచ్చి కాసేపు అలాగే నిలబడుతుంది. తర్వాత మెత్తని గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెడుతుంది.