రహంతుల్లా గారు గుర్తుపట్టని ఉలి

గుడివాడలో సైకిల్ షాపు నడిపే రహంతుల్లా గారి నోట "తెలీదు" అన్న మాట ఎవరూ విని ఎరగరు. వయసులో ఉండగా ఊరూరా తిరిగి ఎడ్లకు నాడాలు కొట్టారు, పెదపారుపూడిలో మా ఎడ్లకు కూడా. ఇప్పుడు ఎడ్లూ లేవు, ఆ పనీ లేదు. అయినా పాత ఇనప ముక్క కంటపడితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే మనల్ని వదలరు.

ఆయనకు పంతం కూడా ఎక్కువే. తండ్రి ఇచ్చిన ఉలిని బావమరిది నదీమ్ సినిమాల కోసం అమ్మేశాడని ఇరవై రెండేళ్లుగా అతనితో మాటల్లేవు. ఆయన భార్య ఫాతిమా గారు తమ్ముణ్ణి చూడాలంటే ఒక్కరే బందరు బస్సెక్కాలి. అది చూసి నాకు ఒళ్లు మండేది.

మొన్న పెదపారుపూడిలో మా గొడ్ల సావిడి విప్పిస్తుంటే అటక మీద గోనెసంచి నిండా పాత పనిముట్లు దొరికాయి. మా ఆయన మురళీకృష్ణ ఫొటోలు తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ధాన్యం బస్తాలు కుట్టే దబ్బనాన్ని మా మరిది చికెన్ కాల్చే చువ్వన్నాడు. ఇక లాభం లేదని రహంతుల్లా గారిని పిలిపించాం. ఫాతిమా గారు కూడా వచ్చారు.

ఆయన కుర్చీలో దర్జాగా కూర్చున్నారు. "ఇది బొరిగె అమ్మా, గడ్డి చెక్కేది. ఇది మీ మావగారి ముల్లుగర్ర ములుకు. ఎద్దు కంటే ముందు ఆయనకే గుచ్చుకునేది."

చివర్లో పిడికి రాగి తీగ చుట్టిన ఉలి ఒకటి చేతికిచ్చాను. ఆయన ఆ తీగను బొటనవేలితో తడిమారు.

"ఇదేంటండీ?" అన్నాను.

"తెలీదమ్మా."

మా ఆయన చేతిలో టీ గ్లాసు జారబోయింది.

ఫాతిమా గారు లేచి వచ్చి ఉలి లాక్కున్నారు. "నాకు తెలుసు. ఎద్దు గిట్టలు చెక్కేది. ఈ తీగ చుట్టింది మా మావగారు. మీరిక్కడ మర్చిపోయి, మా తమ్ముణ్ణి దొంగని చేశారు. చెయ్యండి ఫోను!"

ఆయన జేబు తడుముకునేలోపే ఆవిడే నంబరు నొక్కి స్పీకర్ పెట్టారు.

"ఉలి దొరికిందిరా నదీమ్. తప్పు నాదే," అన్నారు రహంతుల్లా గారు.



"పెదపారుపూడి సావిట్లో చూడమని ఆ రోజే చెప్పాను కదా బావా. ఎందుకు చూడలేదు?"

రహంతుల్లా గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మీద కోపం పోకపోయినా, నాకూ తిరిగాయి.

"తెలీదురా," అన్నారాయన. ఈసారి నిజంగానే తెలియదు.