పిల్లి పళ్లెంలో ఊక

గుడివాడలో మా ఇంటి పిల్లి వారం రోజులు నా పరుపు మీదే ఉచ్చ పోసింది. మూడుసార్లు కొట్టాను.

"గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలేసి రండి. అందరూ చేసేదేగా!" అంది మా ఆవిడ.

మా వైపు పిల్లికి విచారణ ఉండదు, శిక్షే. నేనూ సంచి తెచ్చాను. అంతలో పిల్లి, ఉచ్చ పోసుకోవడానికి పెట్టిన తన పళ్లెంలో కాలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసి విదిలించుకుంది. వారం కిందట ఇసుక తేవడానికి బద్ధకించి, అందులో మిల్లు ఊక పోసింది నేనే. నూర్పిళ్లలో ఆ ఊక నూగు గుచ్చుకుని ఒళ్లంతా గోక్కున్నవాణ్ణి, నాకు తెలియదా?

"సంచిలో నన్ను వెయ్యాలే," అన్నాను.

"మీరు పట్టరు లెండి."

ఆ పూటే ఇసుక తెచ్చి పోశాను. పిల్లి తిన్నగా పళ్లెంలోకే వెళ్లింది. నేను చెయ్యి చాపితే మాత్రం ఇప్పటికీ మంచం కిందికి దూరుతుంది.