కాలనీ గేటూ, అభిప్రాయం లేని నేనూ

ఆ రోజుల్లో హైటెక్ సిటీ దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే అది వార్త. ఎందుకు ఆగిందో కనుక్కుని రమ్మని పత్రికలు ఒక మనిషిని పంపేవి. (ఇప్పుడైతే ఎప్పుడైనా ఆగకుండా కదిలితే పంపాలేమో.) అలా వెళ్లిన మనిషిని నేను. ఒక ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో, కదలని కార్ల మధ్య నిలబడి, కనిపించినవాళ్లందరినీ "ఈ జామ్‌కి కారణం ఏమిటంటారు?" అని అడుగుతూ, రాయడం మానేసిన పెన్ను మార్చుకుందామని ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాను. చేతికి పెన్ను తగల్లేదు. మా కాలనీ గేటు తాళం చెవి తగిలింది. ఆ గేటును నేను ఆరు గంటలకే తెరవాలి. తెరిచినట్టు ఎంత తన్నుకున్నా నాకు గుర్తు రాలేదు.

ఒక కుర్ర విలేకరి జేబులోకి కాలనీ తాళం చెవి ఎలా వచ్చిందో చెప్పాలి. నేను గుడివాడ వైపు నుంచి వచ్చి పత్రికలో చేరి అప్పటికి ఏడాది కాలేదు. మాదాపూర్ వెనక ఒక కాలనీలో, మేడ మీద రేకుల గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. ఆ కాలనీ మధ్య సందుకు ఒక శాపం ఉంది. దాని ఒక కొస ఒక మెయిన్ రోడ్డుకు, రెండో కొస ఇంకో మెయిన్ రోడ్డుకు తగిలేది. పెద్ద సిగ్నల్ దగ్గర అరగంట నిలబడే ఓపిక లేని సాఫ్ట్‌వేరు ఉద్యోగులందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. పొద్దున్నే మా గుమ్మాల ముందు నుంచి మోటార్‌సైకిళ్లు, క్యాబులు ఏరులా పోయేవి. ఎదురుగా ఒక అపార్టుమెంటు లేచినప్పుడల్లా ఆ ఏరు ఇంకొంచెం పొంగేది.

మా ఇంటి ఓనరును కాలనీ అంతా కాకా అనేది. అక్కడ జొన్న చేలు ఉన్నప్పటి నుంచీ ఉన్న మనిషి. ఆ ఏడాది ఆయన తల్లిని ఒక మోటార్‌సైకిల్ గుద్దింది. ముసలావిడ చెయ్యి విరిగి వారం రోజులు దవాఖానలో ఉండి వచ్చింది. "గేటు పెట్టాలె, తాళం ఎయ్యాలె, అంతే. మా అమ్మ గుమ్మంల కూసోవద్దా? ఇది మా ఊరా, వీళ్ల ఆఫీసు వరండానా?" అని కాకా పట్టుబట్టాడు. ఆ మాటను కాదనలేం. కానీ అదే సందులో, గేటు పెడతామన్న చోటికి నాలుగడుగుల ఇవతల, టిఫిన్ అక్క షట్టరు ఉంది. ఆవిడ జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసి, ఆ వాసన పడక మానేసి, ఇడ్లీ, మైసూరు బజ్జీ పెట్టుకుంది. "ఆ బండ్లు బందయితే నా పొయ్యి బందు. మళ్ల జీడిమెట్లకే పోవాలె" అనేది. ఆ మాటా కాదనలేం. (నేను రోజూ అక్కడే తింటాను కాబట్టి అసలే కాదనలేను.)

సందు మొదటి కొసన గేటు పెట్టారు. పెట్టాక తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్నది పెద్ద గొడవైంది. కాకా చేతికిస్తే ఎప్పటికీ తెరవడు, అక్క చేతికిస్తే ఎప్పటికీ మూయదు. కాలనీ ప్రెసిడెంటు గారు కాకినాడ ఆయన, ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఈ కాలనీలో ఇల్లు గానీ, ప్లాటు గానీ, కారు గానీ, కనీసం సైకిలు గానీ లేని మనిషి ఎవరండీ?" అని అడిగారు. అందరూ నా వంక చూశారు. "అభిప్రాయం ఏమైనా ఉందా బాబూ మీకు, ఈ గేటు విషయంలో?" అన్నారు. ఏమీ లేదండీ అన్నాను. "అదండీ అర్హత అంటే" అని తాళం చెవి నా చేతిలో పెట్టారు. ఆదివారం సమావేశంలో సంగతి తేలేదాకా రాత్రి పదికి మూయాలి, పొద్దున ఆరుకి తెరవాలి. నాకు జీవితంలో దక్కిన మొదటి పదవి అది. కొంచెం ఛాతీ విరుచుకునే తిరిగాను.

ఇక ఆ ఉదయం సంగతి. తెల్లవారకముందే మా బ్యూరో చీఫ్ ఫోన్ చేశాడు. చందానగర్‌లో కూరగాయల బజారు రోడ్డు మీదికి వచ్చేసిందని జనం గోల పెడుతున్నారు, పోయి చూడమన్నాడు. కళ్లు నులుముకుంటూ గేటు లేని రెండో కొస నుంచి బయటపడి బస్సెక్కాను. బజారులో ఉండగా మళ్లీ ఫోన్: "అటు నుంచి అటే హైటెక్ సిటీ పో. ఎన్నడూ లేనంత జామ్ అయిందట. జనం ఏమనుకుంటున్నరో రాసుకు రా." మధ్యలో కాకా నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నీళ్ల మోటారు కట్టేయలేదని తిట్టడానికేమోనని నేను ఎత్తలేదు.

జనం ఏమనుకుంటున్నారో అడగడమే ఆలస్యం, అందరూ అనేసుకున్నారు. క్యాబులో కూర్చున్న, టై కట్టుకున్న ఒకాయన, అపార్టుమెంట్లన్నీ ఊరి బయట కట్టాలి, ఇక్కడ కట్టనివ్వడమే తప్పు అన్నాడు. (ఆయన ఉండేది ఎక్కడండీ అంటే పక్క అపార్టుమెంటులో, పన్నెండో అంతస్తు.) ప్రగతి నగర్ నుంచి మోటార్‌సైకిల్ మీద వచ్చే కుర్రాడు, ఊరి బయట కట్టడం వల్లే ఇంత దూరం రావాల్సి వస్తోంది, ఆఫీసు పక్కనే యాభై అంతస్తులు లేపాలి అన్నాడు. "మెట్రో వస్తే అంతా సాఫ్ అయితది" అని బస్సు కండక్టరు. "ఆ మెట్రో కోసం గుంతలు తవ్వినకాన్నుంచే ఈ పరేషాన్" అని ఆటో ఆయన. నేను అందరి మాటలకూ తలూపాను. ఎవరు మాట్లాడితే వాళ్లదే నిజమనిపించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. సరిగ్గా అప్పుడే పెన్ను ఆగిపోయింది, చెయ్యి జేబులోకి వెళ్లింది.

పరుగెత్తాను. కాలనీ రెండో కొస దగ్గరికి వచ్చి చూశాను. సందు నిండా బండ్లు. రోజూలాగే దగ్గరి దారి అని లోపలికి వచ్చినవాళ్లు గేటు దాకా పోయి ఆగిపోయారు. వాళ్ల వెనక వాళ్లు, వాళ్ల వెనక ఒక నీళ్ల ట్యాంకరు. ట్యాంకరు వెనక్కి పోలేదు, ముందుకు పోలేదు. దాని వెనక పేరుకున్న క్యాబుల తోక మెయిన్ రోడ్డు ఎక్కి, మలుపు తిరిగి, నేను ఇందాక అభిప్రాయాలు సేకరించిన చోటి వైపుగా సాగుతోంది. ఆ చోటి దాకా చేరిందో లేదో నాకు కనిపించలేదు.

గోడలకు అతుక్కుని గేటు దగ్గరికి చేరాను. కాకా గేటుకు అవతల ఉన్నాడు, చేతిలో పాల ప్యాకెట్లతో. పొద్దున నడకకు వెళ్లి చుట్టూ తిరిగి వచ్చాడట. మోకాళ్ల నొప్పితో మళ్లీ అంత దూరం వెనక్కి నడవలేక అక్కడే నిలబడ్డాడు.

"ఏమయ్యా పేపరాయనా, యాడ సచ్చినవ్? గంట సంది నిలబడ్డ. మా అమ్మకు చాయ్ లేదు, గోలీ లేదు."

"మీరే కదా కాకా, గేటు ఎప్పుడూ మూసే ఉండాలన్నది" అన్నాను, తాళంతో కుస్తీ పడుతూ.

"నేను లోపల ఉన్నప్పుడు అన్న. బయట నిలబెట్టి మూయమన్ననా? ఇగ ఈ గేటే వద్దు, పీకి పారెయ్."

నా భుజం మీద ఎవరో తట్టారు. టిఫిన్ అక్క. చెమటలు కారుతున్నాయి, ముఖం మాత్రం దీపంలా వెలుగుతోంది. ఇన్నాళ్లూ ఆవిడ షట్టరు ముందు నుంచి రయ్యిమని పోయినవాళ్లంతా ఆ ఉదయం చేసేదేమీ లేక దిగి, ఇడ్లీలు తిన్నారు. పిండి గిన్నెలు ఖాళీ. చట్నీ కోసం ఇద్దరు ఇంజినీర్లు వాదులాడుకుంటున్నారు.

"తమ్మీ, జర ఆగు" అంది మెల్లగా. "ఏం తొందరుంది? ఇంకొక వాయి పెట్టిన. అది దిగినంక తియ్యి."

"అక్కా, గేటు ఉంటే జీడిమెట్లకు పోతానన్నావు కదా?"

"అది తెలవక అన్న. తొమ్మిదిదాంక మూసే ఉంచు రోజూ. నీకు పుణ్యముంటది."

గేటుకు ఈవల ఒకరు, ఆవల ఒకరు, తాళంలో సగం తిరిగిన చెవి పట్టుకుని మధ్యలో నేను. వెనక ట్యాంకరు హారన్. ముసలావిడ మందు గోలీ గుర్తొచ్చి, మిగతా సగం తిప్పాను. అంతకు మించి అందులో సిద్ధాంతం ఏమీ లేదు.

ఆఫీసుకు వెళ్లి చీఫ్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నీ గేటు వల్ల సైబరాబాద్ ఆగిందా? నీ గురించి నువ్వు బాగనే అనుకుంటున్నవే. అపార్టుమెంట్లు, మెట్రో, ఆ మాటలు రాయి" అన్నాడు. రాశాను. మర్నాడు బాగానే వచ్చింది. చదివినవాళ్లు ఫోన్లు చేసి, సమస్య మూలాన్ని పట్టుకున్నారండీ అని మెచ్చుకున్నారు.

ఆదివారం సమావేశంలో కాకా లేచి గేటు పీకేయాలన్నాడు. అక్క లేచి గేటు ఉండి తీరాలంది. క్రితం సమావేశంలో కాకాను బలపరిచినవాళ్లు ఇప్పుడు అక్కను బలపరచాలా, కాకా వెంట పోవాలా తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ప్రెసిడెంటు గారు పాత తీర్మానం చదివి, కళ్లజోడు తుడిచి, మళ్లీ చదివారు. చివరికి నా వైపు తిరిగి, "కనీసం మీరైనా ఒక అభిప్రాయం చెప్పండి బాబూ" అన్నారు. లేచాను. ముసలావిడ విరిగిన చెయ్యి ఒకవైపు, అక్క పొయ్యి ఒకవైపు, పన్నెండో అంతస్తు ఆయన, ప్రగతి నగర్ కుర్రాడు అందరూ ఒక్కసారి తలలోకి వచ్చారు. "ఇద్దరిదీ నిజమేనండీ" అని కూర్చున్నాను. నవ్వారు. సమావేశం వాయిదా పడింది.

తర్వాత ఎన్నో ఏళ్లు అభివృద్ధి మీద, జనసాంద్రత మీద, రవాణా మీద బోలెడు రాశాను. పేజీ నింపడానికి ఎప్పుడూ లోటు రాలేదు. రేకుల గదిలో ఉన్నంత నిజాయితీగా తికమక పడే ధైర్యం మాత్రం మళ్లీ రాలేదు. ఈ మధ్య మెట్రోలో పోతూ కిటికీలోంచి ఆ సందు కనిపించి, తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి నడిచాను. కాకా ఇల్లు ఇప్పుడు అయిదంతస్తుల హాస్టలు. దాని కింద షట్టరు అక్కదే, బల్లలు వేసి పెద్దది చేసింది. హాస్టలు పిల్లలు బండ్లు తీయడానికి గేటు తెరిచే ఉండాలని కాకా, బల్లల మధ్య నుంచి బండ్లు పోతున్నాయి కాబట్టి మూయాలని అక్క, నన్ను చూడగానే చెరోవైపు నుంచీ మొదలుపెట్టారు. ఇడ్లీ తింటూ ఇద్దరికీ తలూపాను.

గేటుకు ఒక రెక్క లేదు. ఉన్న రెక్కకు ఆ పాత తాళం తెరిచి వేలాడుతోంది. చెవి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అది ఎవరికి ఇవ్వాలో తేల్చాల్సిన సమావేశం ఆ ఆదివారం వాయిదా పడింది, మళ్లీ జరగలేదు.