లాప్‌టాప్ మీద నీలం లైటు

అమ్మలూ, చిన్నోడా, పెద్దమ్మమ్మ గురించి మీరు అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి దాటేస్తూ వచ్చాను. మొన్న ఫోన్లో చిన్నోడు, "ఆవిడ మొహం నాకు అస్సలు గుర్తు రావట్లేదు అమ్మమ్మా" అన్నాడు. గుర్తు లేకపోవడం వాడి తప్పు కాదు. ఎందుకు గుర్తు లేదో చెప్తాను, ఇద్దరూ వినండి.

పెద్దమ్మమ్మ నాకు సొంత అక్క. మా వైపు అక్కని అప్ప అంటాం. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. మీ తాతయ్య కూడా పోయాక ఆవిడ సంచీ సర్దుకుని శృంగవరపుకోటలో నా దగ్గరికి వచ్చేసింది. మెయిన్ రోడ్డు మీద కింద చిన్న కుట్టు షాపు, పైన రెండు గదులు, రెండూ అద్దెవే. జాకెట్లు కత్తిరించడం, కుట్టడం ఆవిడ పని. హుక్కులు, కాజాలు, అంచులు నావి. అమ్మలూ, నీకు మూడేళ్ళు వచ్చేదాకా నా కంటే ఎక్కువ ఎత్తుకుని తిరిగింది ఆవిడే. కత్తిరింపు బల్ల కింద గుడ్డముక్కలు పోగేసి పక్క వేసేది. మిషను చప్పుడు ఆగితే నువ్వు లేచిపోయేదానివి.

తర్వాత మీ నాన్నకి జామ్‌నగర్‌లో పని దొరికి, మీ అమ్మా నాన్నా నిన్ను తీసుకుని వెళ్ళిపోయారు. రైల్లో రెండు రోజుల దారి. చిన్నోడు అక్కడే పుట్టాడు. వెళ్ళేముందు మీ నాన్న తన పాత లాప్‌టాప్ మాకిచ్చి, బొమ్మ కనిపించేలా మాట్లాడుకోవడం ఎలాగో నేర్పాడు. కింద ఇంటి ఓనరు గారిది నెట్టు. లాప్‌టాప్‌కి నెట్టు తీగ గుచ్చుకునే చోటు అప్పటికే విరిగిపోయింది, అందుకని గాల్లోంచి వచ్చే నెట్టే మాకు దిక్కు. లాప్‌టాప్ ముందు అంచు మీద ఆ నెట్టుకి గోరంత స్విచ్చి ఉండేది. వేలితో పక్కకి జరిపితే నారింజ రంగులో ఉన్న లైటు నీలం అయ్యేది. నీలం అయిందంటే మీరు వచ్చేసినట్టే.

ఆదివారం సాయంత్రం షాపు తలుపులు వేసి, కాళ్ళు కడుక్కుని, ఇద్దరం దాని ముందు కూర్చునేవాళ్ళం. చిన్నోడు మొదట్లో అప్పని చూడగానే ఏడుపు అందుకునేవాడు. ఆవిడ ఊరుకుంటుందా? ఒకరోజు కింద నుంచి పెద్ద కత్తెర తెచ్చి తెర ముందు గాలిని కత్తిరించింది. టిక్, టిక్, టిక్. వాడు ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూశాడు. పై ఆదివారం తనే చేయెత్తి కత్తెర చూపించమని అడిగాడు. అలా వారం వారం కొంచెం కొంచెంగా దగ్గరికొచ్చాడు.

అప్పకి అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళు చాలామంది అలాగే కాల్చేవారు. మా అమ్మా అంతే. ఆ ఏడు వానాకాలంలో అప్పకి కారం తింటే అంగిట్లో మంట మొదలైంది. తర్వాత నీళ్ళు తాగినా మంటే. విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్తే, కేన్సరే, అంగిలీ పైదవడా ఒక పక్క తీసేయాలి అన్నారు. ప్రాణానికి ఇప్పుడే భయం లేదు గానీ ఆ పక్క బుగ్గ లోపలికి పోతుంది, మాట ముక్కులోంచి వస్తుంది అని నెమ్మదిగా చెప్పారు. దసరా వెళ్ళాక వచ్చి చేరమన్నారు.

తిరుగు బస్సులో కొత్తవలస దాటేదాకా ఆవిడ కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

"ఒసే."

"ఏటప్పా?"

"సిన్నగుంటడు ఇప్పుడిప్పుడే నన్ను సూసి నవ్వుతన్నాడు."

"అవునప్పా."

"ఈ మొఖం పోయినాక సూస్తే జడుసుకుంటాడే. ఎళ్ళేముందు ఒకసారి ఆడి ముందు కూకుని సెప్పాల. ఒరే, బుగ్గ ఇలగ లోపలికి పోతాది, గొంతు మారిపోతాది, అయినా నానేరా అని. బుగ్గ నొక్కి సూపించాల. రొండు మూడు పాలి ఆటలాగ సూపిస్తే ఆడికి అలవాటైపోతాది."

"సూపిద్దుములే."

"ఫోన్లో సెప్తే ఆడికేటి తెలుస్తాది? మొఖం సూడాల."

అంతకు మించి ఆపరేషన్ గురించి ఆవిడ ఇంకేమీ అడగలేదు.

దసరాకి మా షాపులో పనిముట్లన్నీ తుడిచి, వరసగా పీట మీద పెట్టి పూజ చేసేవాళ్ళం. బొట్లు పెట్టడం అప్ప పనే, నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. చెయ్యి ఆనే చోటే బొట్టు పెట్టాలి అనేది ఆవిడ. మిషనుకి చక్రం మీద, కత్తెరకి వేళ్ళు దూర్చే చోట, ఇస్త్రీపెట్టెకి పిడి మీద. ఆ ఏడు లాప్‌టాప్‌ని కూడా తెచ్చి వాటి పక్కన పెట్టింది.

"అదెందుకప్పా?"

"ఇదీ మన మిషనే గదే. అన్నింటికన్నా దీంతోనే ఇప్పుడు పని."

పసుపుని నీళ్ళతో జారుగా కలిపి, ముందు అంచున, నేను వేలు ఆన్చి జరిపే చోట, నిండుగా బొట్టు పెట్టి కుంకుమ అద్దింది. కళ్ళు మూసుకుని చాలాసేపు దణ్ణం పెట్టుకుంది.

పై ఆదివారం స్విచ్చి జరిపితే లైటు నారింజ రంగులోనే ఉండిపోయింది. మళ్ళీ జరిపాను. ఒక్క క్షణం నీలం మెరిసి మళ్ళీ నారింజ అయింది.

మీ అమ్మ ఫోన్లో చెప్తుంటే నేను చేసుకుపోయాను. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. కింద ఓనరు గారి నెట్టు పెట్టె ఆపి మళ్ళీ పెట్టించాను. బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని, మళ్ళీ తగిలించాను. ఎక్కడెక్కడో నొక్కి ఏదో తీసేసి మళ్ళీ ఎక్కించమంది, అదీ అయింది. ఒకసారి ఉన్నట్టుండి నీలం లైటు వచ్చి నిలిచింది. మీకు ఫోన్ చేస్తే మీరు బజారుకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి మళ్ళీ నారింజ.

"సెమ్మ పట్టీసినట్టున్నాది, ఎండలో ఎడదాం" అంది అప్ప. వడియాలకి వేసినట్టు డాబా మీద చీర పరిచి దాన్ని ఎండబెట్టింది. కాకుల్ని తోలుతూ పక్కనే కూర్చుంది. నిజంగానే మధ్యాహ్నం కాసేపు నీలం వెలిగింది. ఆ వేళకి నువ్వు బళ్ళో ఉన్నావు అమ్మలూ, చిన్నోడు జ్వరంతో నిద్రపోతున్నాడు. "లేపీయకే, పడుకోనీ" అంది అప్పే. సాయంత్రం చల్లగాలి తిరిగేసరికి లైటు మళ్ళీ మొండికేసింది.

మా ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే ఆయన అడుగుభాగం విప్పి, లోపల నుంచి చిన్న పచ్చరేకు లాంటిది తీశాడు. వైర్‌లెస్ కార్డు అదేనట. దాని అంచు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. అక్కడ బాగా పనిచేసింది. ఇంటికి తెస్తే షరా మామూలే. "కార్డు పోయినాదమ్మా, కొత్తది తెప్పించాల. పండగల రోజులు, కొంచెం ఆలీసమవుతాది" అన్నాడు. మాకు అంత వ్యవధి లేదు. అప్పటికి మా చేతుల్లో ఉన్నవి మీటలు నొక్కే ఫోన్లే. నెట్ సెంటర్‌కి వెళ్దామంటే అప్ప ఒప్పుకోలేదు.

"ఊళ్ళో కుర్రోళ్ళందరి ముందు బుగ్గ నొక్కి సూపించమంటావేటి? నాను మా గుంటడి కోసం సెప్తాను గాని నాటకం ఆడడానికి ఎళ్తానా?"

ఆసుపత్రికి బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆవిడ మెరూన్ రంగు నేత చీర కట్టుకుంది. తల దువ్వుకుని పౌడరు రాసుకుంది. నేను స్విచ్చి మీద వేలు పెట్టి కూర్చున్నాను. అటు మీ అమ్మ మిమ్మల్నిద్దర్నీ ముందు కూర్చోబెట్టుకుని ఫోన్లో, "వచ్చిందా అమ్మా? వచ్చిందా?" అంటోంది. జరుపుతున్నాను, వెనక్కి లాగుతున్నాను. లైటు మెరుస్తుంది, పోతుంది. అప్ప నా వేలి మీద తన వేలు వేసి, "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటూ జరిపింది. నీలం వచ్చింది.

తెర మీద మీరు కనపడ్డారు. చిన్నోడికి ఎర్ర బనీను. నువ్వు రెండు జడలు వేసుకున్నావు. అప్ప గబుక్కున ముందుకి వంగి, "ఒరే గుంటడా, ఇటు సూడు, నాన్రా" అని వేలితో బుగ్గ లోపలికి నొక్కుకుంది.

"అమ్మా, మీరు కనపడట్లేదే, మాకు నల్లగా ఉంది" అంది మీ అమ్మ.

"మాకు కనిపిస్తన్నారే! ఇటు సూడండి, ఇటు!"

"ఏం రావట్లేదు పెద్దమ్మా, ఒక్క నిమిషం..."

అంతే. మీ బొమ్మ అలాగే బిగుసుకుపోయి, తర్వాత అదీ పోయింది. అప్ప బుగ్గ మీద వేలు తీయకుండా అలాగే కూర్చుంది. కాసేపటికి నేనే ఆ చెయ్యి కిందికి దించాను. ఫోన్ ఇస్తే నీతో మాట్లాడింది అమ్మలూ. "రేపు కనిపిస్తావా పెద్దమ్మమ్మా?" అని నువ్వు అడిగితే, "బాగా సదుంకోవే" అని ఫోన్ నాకిచ్చేసింది.

ఆపరేషన్ అయింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇంటికొచ్చాక ఆవిడ చీరకొంగు ఆ పక్కకి లాక్కుని, చెవి దగ్గర పిన్నీసుతో పెట్టుకునేది. మాట ముక్కులోంచి వచ్చేది, నాకు తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. షాపులో ఆడవాళ్ళొస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. కొలతలు నేను తీసుకుని ఆవిడకి చెప్పేదాన్ని.

లైనింగ్ గుడ్డ కోసం విజయనగరం వెళ్తూ లాప్‌టాప్ కూడా సంచీలో పెట్టుకున్నాను. అక్కడి షాపతను కార్డు జోలికి పోలేదు. ముందు అంచున ఉన్న స్విచ్చి విప్పి, భూతద్దం పెట్టి చూసి నవ్వాడు.

"ఏటమ్మా, దీని మీద పులిహోర గాని కలిపీసేరేటి?"

"ఏటి బాబూ?"

"లోపలంతా పసుపు గడ్డకట్టీసి ఉన్నాది. కార్డు నిక్షేపంలాగున్నాది."

"దసరాకి బొట్టెట్టేం బాబూ."

"బొట్టెట్టండమ్మా, ఒద్దన్నానా? మూత మీద ఎట్టుకోండి. స్విచ్చిలో ఎడతారేటి?"

దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాడు. దూది పచ్చగా అయింది. నీలం లైటు వచ్చింది, ఎన్నిసార్లు జరిపినా మళ్ళీ మళ్ళీ వచ్చింది. నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. అతను మంచినీళ్ళు ఇచ్చాడు.

ఇంటికొస్తే అప్ప, ఏటన్నాడు అన్నట్టు చెయ్యి తిప్పింది. "దుమ్మటప్పా" అన్నాను.

ఆ ఆదివారం మీరు తెర మీదికి వచ్చారు. అప్ప నా పక్కన కూర్చోలేదు. బల్లకి అటువైపు, తెరిచి ఉన్న మూతకి వెనక, పీట వేసుకుని కూర్చుంది. అక్కడి నుంచి ఆవిడకి మీరు కనపడరు, ఆవిడ మీకు కనపడదు. మాటలు మాత్రం వినపడతాయి. నువ్వు పద్యం చెప్తే ఆవిడ పెదాలు కదిలేవి. చిన్నోడు ఏదో పడేసి మీ అమ్మ చేత తిట్లు తింటే, భుజాలు ఊగేలా నవ్వుకునేది. "పెద్దమ్మమ్మ ఏది?" అని నువ్వడిగితే "పడుకుందమ్మా" అనేదాన్ని. ఆవిడ తల ఊపేది.

అలా ఎన్నో ఆదివారాలు గడిచాయి. ఒకరోజు చిన్నోడికి ఎందుకు తోచిందో మరి, "అమ్మమ్మా, అటు తిప్పు. మొత్తం ఇల్లు చూపించు" అన్నాడు. నేను అప్ప వైపు చూశాను. ఆవిడ లేచి నిలబడింది. కొంగు సరిచేసుకుంది. జుట్టు వెనక్కి దువ్వుకుంది. ఒక వేలు బుగ్గ దాకా తీసుకెళ్ళి ఆపేసింది. నేను లాప్‌టాప్ రెండు పక్కలా పట్టుకుని కొంచెం పైకెత్తాను.

"తిప్పు అమ్మమ్మా!"

అప్ప నా కళ్ళలోకి చూసి, వద్దని తలాడించింది. తర్వాత చూపుడు వేలితో ముందు అంచు వైపు చూపించి, దాన్ని పక్కకి జరుపుతున్నట్టు సైగ చేసింది. నాకు అర్థమైంది.

"నెట్టు పోయేలా ఉందిరా నాన్నా" అని స్విచ్చి జరిపేశాను.

ఆ తర్వాత మీరు ఎప్పుడు అటు తిప్పమన్నా అదే మాట, అదే పని. మరుసటి ఏడు వానలకి ముందే ఆవిడ పోయింది. మీరు ఆ వేసవికి రావాలనుకున్నారు, టికెట్లు దొరకలేదు.

అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నెట్టు ఎప్పుడూ రాదని మీరిద్దరూ ఇప్పటికీ నవ్వుకుంటారట, మీ అమ్మ చెప్పింది. వచ్చేది నాన్నా. ఆ స్విచ్చి తుడిపించాక ఎప్పుడూ బాగానే వచ్చింది.