కోటగోడకు ప్రదక్షిణ

మా ఆవిడ ప్రాగ్ చూడాలనుకుంది. కిందటి చలికాలంలో ఆమె కుడి మోకాలికి కీలు మార్పిడి జరిగింది. ఎనిమిది గంటలు కదలకుండా కూర్చునే విమాన ప్రయాణం ఇప్పట్లో వద్దని డాక్టరుగారు చెప్పడంతో, ఆ నాలుగు రోజుల సెలవును కెనడాలోనే ఉన్న క్యూబెక్ సిటీకి మళ్ళించాం. చుట్టూ కోటగోడ, రాళ్ళు పరిచిన వీధులు, ఫ్రెంచి మాట, పావుగంటకొకసారి చర్చి గంట. సముద్రం దాటకుండా మాకు అందిన ఐరోపా అది. మేముండే గ్వెల్ఫ్ నుంచి కారులో వెళ్ళాం. గంటన్నరకొకసారి ఆపితే ఆమె పది నిమిషాలు అటూ ఇటూ నడిచి వచ్చేది.

బయలుదేరే ముందురోజు హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో వాయిదా వేసుకోవడం వల్ల ఒక తేదీ ఖాళీ అయిందట. ఎడమ మోకాలికి కూడా ఆపరేషన్ చేయించుకుంటారా అని అడిగారు. శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల చెప్పాలి, లేకపోతే ఆ తేదీ జాబితాలో తరువాతివారికి వెళ్ళిపోతుంది. ఆమె ఆలోచించి చెబుతానంది. మొదటి ఆపరేషన్ తరువాతి మూడు నెలలు ఆమె పడ్డ బాధ నేను చూశాను. మళ్ళీ పడమని చెప్పే అధికారం నాకుందని అనిపించలేదు.

నేను కార్ల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ చేసే ఇంజనీరును. నా చేతనైన సాయం నేను చేశాను. కోటగోడ చుట్టూ నాలుగున్నర కిలోమీటర్లకూ ఎత్తుల వివరాలు సంపాదించి, ముక్కముక్కగా వాలు లెక్కగట్టాను. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చే దారిలో ఎక్కిన ఎత్తు, దిగిన ఎత్తు సమానం. ఏ దిశలో నడిచినా మొత్తం మారదు. మారేది వాలు. నది పక్కన కొండ అంచున మూడు వందల పది మెట్ల చెక్క దారి ఉంది. ఎడమవైపుగా చుట్టివస్తే మెల్లమెల్లగా ఎక్కి, చివరలో ఆ మెట్లు దిగుతాం. కుడివైపుగా వెళితే మొదట్లోనే వాటిని ఎక్కాలి. కాబట్టి ఎడమవైపే సరి అని నిర్ణయించి, దారి ప్రింటు తీసుకున్నాను.

మొదటిరోజు దిగువ పట్టణానికి మెట్ల మీదుగా వెళ్ళాం. ఆమె నాలుగు మెట్లకొకసారి ఆగి ఫోటో తీసింది. గోడకు వేలాడే పూలకుండీ, దుకాణం బోర్డు, ఎవరిదో పిల్లి. పైకి రావడానికి తాళ్ళతో నడిచే చిన్న రైలుపెట్టె ఎక్కాం. మధ్యాహ్నం క్రోసాంట్లనే వెన్న రొట్టెలు తింటుంటే టొరంటో నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేసింది.

"మీ నాన్న నాకు మ్యాప్ గీశారు, చూడు," అని ఆవిడ కాగితం కెమెరా ముందు పెట్టింది.

"మామ్, జస్ట్ ఈట్ ది క్రోసాంట్స్ అండ్ ఇగ్నోర్ హిమ్."

"ముప్ఫయ్యేళ్ళుగా అదే చేస్తున్నానే," అంది.

శుక్రవారం ఉదయం, నది ఒడ్డు పైనున్న విశాలమైన చెక్క వేదిక దగ్గర నా కాగితం ప్రకారం ఎడమవైపు తిరిగాను. ఆమె కదలలేదు.

"ఏవండీ, అపసవ్యంగా తిరుగుదామంటారా?"

"ఇది గుడి కాదుగా."

"గుడి కాకపోతే ఏం? ఇన్నేళ్ళుగా నిలబడున్న గోడ. కుడిచేతి వైపు ఉంచుకుని తిరిగితేనే నాకు బాగుంటుంది."

"అటైతే మెట్లన్నీ ఎక్కాలి. లెక్క చూశాను."

"మీ లెక్క తప్పని నేనన్నానా? పదండి."

మన గుళ్ళలో ఆమె ప్రదక్షిణలు పెద్దగా చేయదు. టొరంటో శివారు ఎటోబికోలో ఉన్న గుడికి వెళ్ళినా ఒక చుట్టు తిరిగి ప్రసాదం దగ్గర నిలబడుతుంది. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు. పెద్దవాళ్ళు నేర్పిన పద్ధతి కదా అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మెట్లు ఒకేసారి రావు. కొన్ని మెట్లు, కొంత చదును, మళ్ళీ మెట్లు. ఎడమన చాలా దిగువగా నది. ఆమె కుడికాలు ముందు వేసి ఎడమకాలును దాని పక్కకు తెచ్చుకుంటూ ఎక్కింది. నూరో మెట్టు దాటాక ఆ పద్ధతి మానేసి, ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క కాలు వేయసాగింది. ఒక్క ఫోటో తీయలేదు. పైనున్న బల్ల మీద కూర్చున్నాక ఆమె ఊపిరి కుదుటపడేవరకు ఆగి అడిగాను.

"నొప్పి ఎంత?"

"కుడికాలు అసలు గుర్తే రాలేదు. ఎడమది కొంచెం గుంజింది, అంతే. ఎక్కడం ఎప్పుడూ కష్టం కాదండీ. దిగేటప్పుడే ఎడమ మోకాట్లో కత్తి పెట్టి తిప్పినట్టుంటుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది పైనే."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు రోజూ అడిగేది మెట్లెక్కగలిగావా అని. ఎక్కగలిగాననే చెప్పా. దిగడం గురించి ఎప్పుడడిగారు?"

వాలులన్నీ సరిగ్గానే కొలిచాను. ఏ వాలు ఆమెను బాధిస్తుందో మాత్రం అడగకుండానే నిర్ణయించేశాను. మొన్నటి పూలకుండీ, దుకాణం బోర్డు, పిల్లి, అన్నీ దిగే మెట్ల మీదివేనని అప్పుడు అర్థమైంది.

"అయితే ప్రదక్షిణ?"

"అలా చెబితే మీరు వాదించరని." ఆమె నవ్వి, కుడి మోకాలి మీద అరచేయి ఆనించింది. "దీన్ని నమ్మొచ్చో లేదో చూసుకుందామని ఎక్కాను. ఎడమదాన్ని కోయించుకుంటే మూడు నెలలు నన్ను మోయాల్సింది ఇదేగా. ఇన్నాళ్ళూ ఇంట్లో పదమూడు మెట్ల మీద ఏం తెలుస్తుంది?"

"ఏమనిపించింది?"

"మోస్తుంది."

హాస్పిటల్‌కు ఫోన్ నేనే చేయబోయాను. ఆమె చేయి చాపి తీసుకుని, తనే మాట్లాడింది. పేరు, పుట్టిన తేదీ చెప్పింది. అవతలివారు ఏ కాలని అడిగినట్టున్నారు, "లెఫ్ట్" అంది. ఆ తేదీకి ఒప్పుకుంది. ఫోన్ పెట్టేశాక ఆమె చేయి నా చేతుల్లోకి తీసుకుని కూర్చున్నాను. అప్పటికి పదకొండైంది.

ఇక మిగిలిందంతా వాలు తక్కువున్న దిగుడు దారి. లేచి నిలబడ్డాక అడిగాను.

"దిగుదామా? ఎక్కడెక్కడ ఆగాలో నువ్వు చెప్పు."

"ముందు ఆ చెట్టు దాకా," అంది. నా భుజం మీద బరువు ఆనించి, మొదటి అడుగు వేసింది.